రైలు గాలి బ్రేకుల్లో రిలే వాల్వు

రిలే వాల్వు రైలు గాలి బ్రేకు వ్యవస్థలో ఒక భాగం. సన్నటి పైపులో వచ్చే కొద్దిపాటి గాలి ఒత్తిడిని ఇది ఆజ్ఞగా తీసుకుంటుంది. ఆ ఒత్తిడికి సమానంగానో, ముందే ఖరారు చేసిన నిష్పత్తిలోనో, పక్కనున్న రిజర్వాయర్ నుంచి పెద్ద మొత్తంలో గాలి తీసి బ్రేక్ సిలిండర్లలోకో బ్రేకు పైపులోకో పంపుతుంది. ఆజ్ఞ ఒత్తిడి తగ్గితే తాను పంపిన గాలిని బయటికి వదిలి దాన్నీ అదే మేరకు తగ్గిస్తుంది. ఎంత ఒత్తిడి కావాలో తేల్చడం ఒక పని. అంత ఒత్తిడి వచ్చేదాకా గాలిని తరలించడం మరో పని. ఈ రెండింటినీ విడదీయడమే రిలే వాల్వు చేసే మేలు. చెరువు తూము దగ్గర నీరటికాడు నీళ్లు మోయడు. తలుపు ఎంత లేపాలో చూసుకుంటాడు, నీళ్లను తోసేది చెరువే.

బ్రేకుల చరిత్రలో పేరంతా 1872లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ తెచ్చిన ట్రిపుల్ వాల్వుకు దక్కింది. అది న్యాయమే. అయితే ఆ తరవాత వచ్చిన మార్పులను వరసగా చూస్తే, వాటిలో చాలావాటికి ఆధారం రిలే వాల్వే. బండిలో ఉన్న బరువును బట్టి పడే బ్రేకు, వేగాన్ని బట్టి మారే బ్రేకు, కంప్యూటర్ నడిపే బ్రేకు, వీటన్నిటిలోనూ మార్చింది ఆజ్ఞ ఇచ్చే వైపునో, ఆజ్ఞకూ ఫలితానికీ మధ్య నిష్పత్తినో. గాలి మోసే వైపు దాదాపు మొదట ఉన్నట్టే ఉండిపోయింది.

గాలి లెక్క

భారతీయ రైల్వేల్లో బ్రేకు పైపు మామూలు ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు. రైల్వేలో పనిచేసేవాళ్లు చదరపు సెంటీమీటరు మాట ఎత్తరు, ‘బీపీ ఐదు కేజీలు’ అంటారు. ఇక్కడ కూడా ఇకమీదట ‘కిలోలు’ అంటే అదే. ఈ పైపు ఇంజిన్ నుంచి చివరి పెట్టె దాకా తెగకుండా సాగుతుంది. ఒత్తిడి 5 కిలోలు ఉన్నంతసేపూ బ్రేకులు వదిలి ఉంటాయి. లోకో పైలట్ దాన్ని తగ్గించగానే ప్రతి పెట్టె కిందా ఉన్న డిస్ట్రిబ్యూటర్ వాల్వు ఆ తగ్గుదలను పసిగట్టి, అక్కడే ఉన్న ఆగ్జిలరీ రిజర్వాయర్ నుంచి బ్రేక్ సిలిండర్‌లోకి గాలి వదులుతుంది. పైపులో 1.5 కిలోలు తగ్గి 3.5 మిగిలేసరికి సిలిండర్‌లో పూర్తి ఒత్తిడి, అంటే 3.8 కిలోలు వచ్చేస్తుంది. బండి మధ్యలో తెగిపోతే పైపు ఒత్తిడి సున్నాకు పడుతుంది, బ్రేకులు వాటంతటవే పడతాయి.

వినడానికి తేలిగ్గా ఉన్నా, ఇందులో కదలాల్సిన గాలి తక్కువేమీ కాదు. 58 బాక్స్‌ఎన్ వ్యాగన్ల గూడ్స్ బండి తీసుకుందాం. ఒక్కో వ్యాగను పొడవు 10.7 మీటర్లు, అంటే వ్యాగన్ల వరకే సుమారు 620 మీటర్లు. బ్రేకు పైపు లోపలి వ్యాసం 32 మిల్లీమీటర్లు. పైపు మొత్తంలో పట్టే చోటు సుమారు 500 లీటర్లు. పూర్తి బ్రేకు వేయడానికి ఇందులో 1.5 కిలోలు తగ్గించాలంటే 700 లీటర్లకు పైగా గాలి బయటికి పోవాలి. దాంట్లో కొంత డిస్ట్రిబ్యూటర్ వాల్వులు అక్కడికక్కడే తీసుకున్నా, మిగతాదంతా ఇంజిన్ దగ్గరే పోవాలి.

ఖాళీగా ఉన్న బండికి గాలి పట్టేటప్పుడు లెక్క ఇంకా పెద్దది. ఒక్కో వ్యాగను కింద 100 లీటర్ల ఆగ్జిలరీ రిజర్వాయర్, 6 లీటర్ల కంట్రోల్ రిజర్వాయర్ ఉంటాయి. అన్నిటినీ 5 కిలోలకు నింపడానికి 30 వేల లీటర్ల మామూలు గాలి దాకా కావాలి, పైపుకు అదనంగా మరో 2,500 లీటర్లు. ఇదంతా ఇంజిన్ కంప్రెసర్ తయారుచేసి 8 నుంచి 10 కిలోల మధ్య మెయిన్ రిజర్వాయర్‌లో నిలవ ఉంచిన గాలే.

ఇంత గాలిని లోకో పైలట్ చేతిపిడి కింద ఉండే వాల్వు గుండానే పంపాలంటే ఆ వాల్వు భారీగా ఉండాలి, పిడి తిప్పడానికి బలం కావాలి, క్యాబ్‌లోకి లావు పైపులు తేవాలి. దానికంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. పిడిని ఎంతసేపు తెరిచి ఉంచితే ఎంత ఒత్తిడి తగ్గుతుందన్నది బండి పొడవును బట్టి మారిపోతుంది. పది పెట్టెల బండికి సరిపోయిన సమయం 58 వ్యాగన్ల బండికి చాలదు. డ్రైవరు ప్రతిసారీ అంచనా వేసుకుంటూ బ్రేకు వేయాల్సి వస్తుంది. పిడి ఫలానా చోట పెడితే ఫలానా ఒత్తిడి వచ్చి తీరాలి, బండి పొడవు ఎంతైనా సరే. ఆ హామీ ఇచ్చేది రిలే వాల్వు.

లోపలి అమరిక

తయారీదారును బట్టి బయటి రూపం మారినా లోపలి అమరిక ఒకటే. వాల్వుకు నాలుగు దారులు. ఆజ్ఞ వచ్చేది ఒకటి, రిజర్వాయర్ నుంచి సరఫరా గాలి వచ్చేది రెండోది, సిలిండర్‌కో పైపుకో వెళ్లేది మూడోది, బయటికి వదిలేది నాలుగోది. మధ్యలో రబ్బరు డయాఫ్రమ్ ఉంటుంది. దాని నడుమ నిలువుగా ఒక బోలు కడ్డీ. కడ్డీ పై అంచుకు ఎదురుగా, రబ్బరు తొడిగిన చిన్న బిళ్ల ఒకటి స్ప్రింగు ఒత్తిడితో తన పీట మీద కూర్చుని ఉంటుంది. సరఫరా గాలి ఆ బిళ్లకు పైన ఆగి ఉంటుంది.

ఆజ్ఞ గాలి డయాఫ్రమ్ కిందికి చేరగానే డయాఫ్రమ్ పైకి లేస్తుంది. మొదట బోలు కడ్డీ అంచు బిళ్లకు ఆని, కడ్డీ లోపలి దారి మూసుకుంటుంది. బయటికి పోయే తోవ అదే కాబట్టి ఇక గాలి బయటికి పోదు. ఇంకాస్త లేచేసరికి బిళ్ల తన పీట నుంచి లేస్తుంది, సరఫరా గాలి ఒక్కసారిగా సిలిండర్ వైపు పారుతుంది. అలా వెళ్లిన గాలిలో కొంత సన్నటి రంధ్రం గుండా డయాఫ్రమ్ పైభాగానికి చేరి దాన్ని కిందికి నొక్కుతూ ఉంటుంది. సిలిండర్ ఒత్తిడి ఆజ్ఞ ఒత్తిడితో సమానమయ్యేసరికి పైనుంచి, కిందినుంచి వచ్చే బలాలు సరితూగుతాయి. స్ప్రింగు బిళ్లను పీట మీద కూర్చోబెడుతుంది. కడ్డీ అంచు మాత్రం ఇంకా బిళ్లకు ఆనే ఉంటుంది. గాలి లోపలికీ రాదు, బయటికీ పోదు. దీన్నే ల్యాప్ స్థితి అంటారు.

ల్యాప్‌లో ఉన్నప్పుడు సిలిండర్ రబ్బరు కప్పు దగ్గర కొంచెం గాలి కారిందనుకుందాం. పైనుంచి నొక్కే ఒత్తిడి తగ్గుతుంది, డయాఫ్రమ్ కాస్త లేచి బిళ్లను తెరుస్తుంది, పోయిన గాలి భర్తీ అయి మళ్లీ మూసుకుంటుంది. ఎవరూ చెప్పకుండానే జరిగే ఈ సర్దుబాటే రిలే వాల్వును మామూలు కుళాయి నుంచి వేరుచేసే గుణం. ఆజ్ఞ తగ్గినప్పుడు దీనికి తలకిందులుగా నడుస్తుంది. డయాఫ్రమ్ దిగుతుంది, కడ్డీ బిళ్లను వదిలేస్తుంది, సిలిండర్ గాలి బోలు కడ్డీ గుండా బయటికి పోతుంది. కొత్త ఆజ్ఞకు సరిపడా తగ్గాక మళ్లీ ల్యాప్.

ఇంత సున్నితంగా ఎలా స్పందిస్తుందన్నది వైశాల్యాల లెక్కలో ఉంది. డయాఫ్రమ్ వైశాల్యం 80 చదరపు సెంటీమీటర్లు ఉంటే, రెండు వైపులా ఒత్తిడిలో 0.05 కిలోల తేడా వచ్చినా చాలు, 4 కిలోల బలం పుడుతుంది. చిన్న బిళ్లను దాని స్ప్రింగు మీదికి ఎత్తడానికి ఆ బలం సరిపోయేలా వాల్వును రూపొందిస్తారు. అయినా స్ప్రింగు బిగువు, రబ్బరు రింగుల రాపిడి పూర్తిగా పోవు. అందుకే ఒత్తిడి పెంచుతూ వెళ్లినప్పుడు వచ్చే విలువకూ, తగ్గిస్తూ వచ్చినప్పుడు నిలిచే విలువకూ మధ్య కొద్దిపాటి తేడా ఉంటుంది. ఆ తేడా ఎంత తక్కువైతే డ్రైవరు అంత చిన్న చిన్న మెట్లలో బ్రేకు వేయగలడు, వదలగలడు.

డయాఫ్రమ్ పైకి గాలి వచ్చే సన్నటి రంధ్రం గురించి విడిగా చెప్పుకోవాలి. చూడ్డానికి గుండుసూదంత. వాల్వు స్థిమితంగా పనిచేస్తుందా లేదా అన్నది చాలావరకు దాని చేతిలోనే ఉంటుంది. రంధ్రం మరీ పెద్దదైతే గాలి ప్రవాహంలో వచ్చే ప్రతి కుదుపూ డయాఫ్రమ్‌కు తగిలి వాల్వు గడగడ వణుకుతుంది. మరీ చిన్నదైతే సిలిండర్ నిండిన సంగతి డయాఫ్రమ్‌కు ఆలస్యంగా తెలుస్తుంది, ఈలోగా ఒత్తిడి కావలసినదాన్ని దాటిపోతుంది. దుమ్మో కంప్రెసర్ నూనె జిడ్డో పట్టి ఈ రంధ్రం పూడితే, మిగతా వాల్వు కొత్తదైనా ప్రయోజనం ఉండదు.

పై వర్ణనలో రెండు వైపులా వైశాల్యం సమానం. వైశాల్యాలు వేరైతే ఒత్తిళ్లు కూడా వేరవుతాయి. ఆజ్ఞ పనిచేసే డయాఫ్రమ్ 120 చదరపు సెంటీమీటర్లు, ఎదురు ఒత్తిడి పనిచేసేది 75 చదరపు సెంటీమీటర్లు అయితే నిష్పత్తి 1.6. 3 కిలోల ఆజ్ఞకు 4.8 కిలోలు బయటికొస్తాయి. అమెరికన్ ఇంజిన్లలో వాడే జే-1.6-16 రిలే వాల్వు పేరులో మొదటి అంకె చెప్పేది ఈ నిష్పత్తినే. ఆజ్ఞ ఇచ్చే పరికరాలను ముట్టుకోకుండా, వేరే బరువున్న ఇంజిన్‌కు వేరే నిష్పత్తి వాల్వు బిగిస్తే చాలు, బ్రేకు బలం దానికి తగ్గట్టు కుదిరిపోతుంది.

వెస్టింగ్‌హౌస్ నుంచి

జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో పేటెంట్ తీసుకున్న మొదటి గాలి బ్రేకులో రిలే లేదు. ఇంజిన్ మీది గాలిని డ్రైవరు నేరుగా పైపులోకి వదిలితే అది పెట్టెపెట్టెకూ పాకి సిలిండర్లను నింపేది. ముందు పెట్టెలకు ముందు, వెనక పెట్టెలకు చాలా వెనక. గొట్టం ఎక్కడ పగిలినా బండి మొత్తానికీ బ్రేకు పోయేది. 1872లో ఆయన తెచ్చిన ట్రిపుల్ వాల్వు రెండో లోపాన్ని పూర్తిగా, మొదటిదాన్ని కొంతవరకు తీర్చింది. ప్రతి పెట్టె కిందా ముందుగానే గాలి నిలవ పెట్టి, పైపులో ఒత్తిడి తగ్గడాన్నే ఆజ్ఞగా మార్చాడు. దూరం నుంచి వచ్చే బలహీనమైన సంకేతం, దగ్గర నిలవున్న బలాన్ని నడపడం అన్న ఆలోచన అక్కడే మొదలైంది. ఆ అర్థంలో ట్రిపుల్ వాల్వును రిలే వాల్వుకు పెద్దన్న అనవచ్చు. తేడా ఏమిటంటే, ట్రిపుల్ వాల్వు పైపు ఒత్తిడినీ రిజర్వాయర్ ఒత్తిడినీ మాత్రమే పోల్చుకుంటుంది. సిలిండర్‌లో ఎంతుందో దానికి తెలియదు. అందుకే బ్రేకు మెట్లుమెట్లుగా వేయగలదు గాని, మెట్లుమెట్లుగా వదలలేదు. పైపు ఒత్తిడి కాస్త పెరగ్గానే మొత్తం వదిలేస్తుంది.

1886, 1887 సంవత్సరాల్లో అమెరికాలో బర్లింగ్టన్ దగ్గర 50 పెట్టెల గూడ్స్ బండ్లతో పరీక్షలు జరిపారు. ముందు పెట్టెలకు బ్రేకు పడ్డాక వెనక పెట్టెలకు పడేలోగా వెనకవి వచ్చి ముందువాటిని గుద్దేవి. ఆ అనుభవం నుంచి వెస్టింగ్‌హౌస్ 1887లో క్విక్ యాక్షన్ ట్రిపుల్ వాల్వు తెచ్చాడు. ప్రతి పెట్టె తన దగ్గరే కొంత పైపు గాలిని ఖాళీ చేసి పక్క పెట్టెకు సంకేతాన్ని త్వరగా అందిస్తుంది.

ఇంజిన్ వైపు కూడా పొడవాటి బండ్లు మరో సమస్య తెచ్చాయి. డ్రైవరు పైపు గాలి వదిలి, చాలనుకుని ఒక్కసారిగా మూసేస్తే, వెనక నుంచి ముందుకు పరుగెత్తుకొస్తున్న గాలి ఇంజిన్ దగ్గర గుమిగూడి అక్కడ ఒత్తిడి పెరిగేది. దాంతో ముందు పెట్టెల బ్రేకులు వాటంతటవే వదిలిపోయేవి. దీనికి కనిపెట్టిన మందు ఈక్వలైజింగ్ రిజర్వాయర్. అది ఇంజిన్ మీద ఉండే చిన్న పాత్ర. డ్రైవరు తగ్గించేది ఆ పాత్రలోని ఒత్తిడిని మాత్రమే. ఒక పిస్టన్‌కు ఒకవైపు ఆ పాత్ర ఒత్తిడి, మరోవైపు బ్రేకు పైపు ఒత్తిడి. పాత్రలో తగ్గగానే పిస్టన్ కదిలి పైపు గాలిని బయటికి వదులుతుంది, రెండూ సమానం కావస్తున్నప్పుడు మెల్లగా మూసుకుంటుంది. బండి ఎంత పొడవున్నా డ్రైవరు చేసేది అదే పని. పొడవు బండికి పిస్టన్ ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది, అంతే.

ఇది సగం రిలే వాల్వు. గాలి వదలడం తెలుసు, నింపడం తెలియదు. బ్రేకు వేసి ఉండగా పైపులో ఎక్కడైనా గాలి కారితే ఒత్తిడి ఇంకా పడిపోయి, డ్రైవరు కోరకపోయినా బ్రేకు బిగుసుకుంటూ పోయేది. ఘాట్ దిగే బండికి ఇది ప్రమాదం. మధ్యలో బ్రేకు వదిలి మళ్లీ వేయాల్సి వస్తే, రిజర్వాయర్లు నిండక ముందే గాలి అయిపోవచ్చు. తరవాత వచ్చిన ఇంజిన్ పరికరాల్లో రిలే వాల్వు రెండు వైపులా పనిచేస్తుంది. కారిన మేరకు గాలి పోస్తూ పైపును కోరిన ఒత్తిడి దగ్గరే నిలుపుతుంది. పొడవాటి దిగుడు మార్గాల్లో గూడ్స్ బండ్లు నడపడంలో దీనంత పెద్ద మేలు చేసిన మార్పులు తక్కువ.

మన ఇంజిన్లలో

1889లో ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర జరిగిన ఘోర రైలు ప్రమాదం తరవాత బ్రిటన్‌లో ప్రయాణికుల బండ్లకు ఆటోమేటిక్ బ్రేకు చట్టప్రకారం తప్పనిసరి అయింది. అక్కడ చాలా కంపెనీలు వాక్యూమ్ బ్రేకును ఎంచుకున్నాయి. భారతదేశంలోనూ అదే స్థిరపడింది. వాక్యూమ్ పద్ధతిలో సిలిండర్ పిస్టన్‌ను నొక్కేది వాతావరణపు ఒత్తిడే. 510 మిల్లీమీటర్ల వాక్యూమ్ అంటే దాదాపు 0.7 కిలోలు. గాలి బ్రేకులో 3.8 కిలోలు దొరుకుతాయి. అదే బలం కావాలంటే వాక్యూమ్ సిలిండర్ పిస్టన్ అయిదు రెట్లకు పైగా వైశాల్యంతో ఉండాలి. బరువైన బండ్లు, ఎక్కువ వేగాలు వచ్చాక వాక్యూమ్ నిలవలేకపోయింది. 1980లలో రైల్వేలు పెద్ద ఎత్తున గాలి బ్రేకుకు మారాయి.

ఆ మధ్యకాలంలో ఒకే ఇంజిన్ ఒకరోజు వాక్యూమ్ బండిని, మరునాడు గాలి బ్రేకు బండిని లాగాల్సి వచ్చేది. 28ఎల్‌ఏవీ-1 అనే పరికరాల వ్యవస్థ ఉన్న డీజిల్ ఇంజిన్లలో డ్రైవరు పిడి ఏ-9 వాల్వు గాలి ఒత్తిడి రూపంలోనే ఆజ్ఞ ఇచ్చేది. వాక్యూమ్ బండి తగిలించి ఉంటే వీఏ-1బీ అనే వాల్వు ఆ గాలి ఆజ్ఞను తీసుకుని రైలు పైపులో వాక్యూమ్‌ను దానికి తగ్గట్టు మార్చేది. ఆజ్ఞను, బలాన్ని విడదీయడం వల్ల ఎంత వెసులుబాటు వస్తుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. డ్రైవరు చేతి అలవాటు మారలేదు, పైపులో ఉన్నది ఒత్తిడైనా శూన్యమైనా.

గాలి బ్రేకు ఒక్కటే ఉండే ఐఆర్‌ఏబీ-1 వ్యవస్థలో ఏ-9 పిడి ఇచ్చే ఆజ్ఞ సీ-2 రిలే వాల్వుకు చేరుతుంది. బండి మొత్తానికీ బ్రేకు పైపు గాలి నింపేదీ, తగ్గించేదీ ఆ వాల్వే. ఇంజిన్‌కు మాత్రమే బ్రేకు వేసే ఎస్‌ఏ-9 పిడికి మరో రిలే వాల్వు ఉంది. అది ఇంజిన్ బోగీల సిలిండర్లకు గాలి పంపుతుంది. ఇంజిన్ బ్రేకుకు ఆజ్ఞ రెండు చోట్ల నుంచి రావచ్చు, ఎస్‌ఏ-9 నుంచి లేదా బ్రేకు పైపు తగ్గుదలను చదివే డిస్ట్రిబ్యూటర్ వాల్వు నుంచి. మధ్యలో ఉండే డబుల్ చెక్ వాల్వు రెండింటిలో ఎక్కువగా ఉన్న ఒత్తిడిని రానిస్తుంది. మోటార్లతోనే వేగం తగ్గించే డైనమిక్ బ్రేకు పనిచేస్తున్నప్పుడు డిస్ట్రిబ్యూటర్ నుంచి వచ్చే ఆజ్ఞను ఒక చిన్న విద్యుత్ వాల్వు ఆపేస్తుంది. లేకపోతే రెండు బ్రేకులూ కలిసి ఇంజిన్ చక్రాలు జారిపోతాయి. ఆపాల్సింది సన్నటి పైపులోని కొద్ది గాలినే కాబట్టి ఆ చిన్న వాల్వు సరిపోతుంది.

పెట్టెల కింద

గూడ్స్ వ్యాగను కింద చాలాసార్లు విడిగా రిలే వాల్వు కనపడదు. 355 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఒక సిలిండర్, నిండిన బండిలో పిస్టన్ 130 మిల్లీమీటర్లు కదులుతుందనుకుంటే, నింపాల్సిన చోటు 13 లీటర్లే. 3.8 కిలోల దగ్గర ఆ పిస్టన్ ఇచ్చే తోపు 3,700 కిలోలకు పైమాటే. దీన్ని 18 నుంచి 30 సెకన్లలో నింపాలన్నది నియమం కాబట్టి డిస్ట్రిబ్యూటర్ వాల్వు ఒక్కటే ఆ పని చేసుకోగలదు. గూడ్స్‌లో కావాలనే నెమ్మదిగా నింపుతారు. అత్యవసర బ్రేకు సంకేతం పైపులో సెకనుకు 250 నుంచి 300 మీటర్ల వేగంతో పోతుంది. 620 మీటర్ల బండిలో చివరిదాకా చేరడానికి రెండు సెకన్లకు పైనే పడుతుంది. ముందు వ్యాగన్లు ఈలోగా గట్టిగా బిగిస్తే వెనకవి వచ్చి గుద్దుతాయి.

2021 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే మూడేసి గూడ్స్ బండ్లను ఒకటిగా కలిపి ‘త్రిశూల్’, ‘గరుడ’ పేర్లతో నడిపింది. మొదటిది విజయవాడ డివిజన్‌లోని కొండపల్లి నుంచి బయల్దేరింది, రెండోది రాయచూరు నుంచి మణుగూరుకు వెళ్లింది. అంత పొడవాటి బండికి ఒక చివర నుంచే గాలి వదిలితే సంకేతం రెండో చివరికి చేరడానికి ఆరేడు సెకన్లు పడుతుంది. మధ్యలో ఉన్న ఇంజిన్ కూడా తన రిలే వాల్వుతో అదే సమయంలో పైపు గాలి వదిలితే ఆ దూరం సగానికి, మూడో వంతుకు తగ్గిపోతుంది. పొడవాటి బండ్లకు మధ్య ఇంజిన్లు ఇచ్చే మేలు లాగుడు బలంలోనే కాదు, ఇక్కడ కూడా ఉంది.

ప్రయాణికుల పెట్టెలో పరిస్థితి వేరు. సిలిండర్ 3 నుంచి 5 సెకన్లలో నిండాలి, 15 నుంచి 20 సెకన్లలో ఖాళీ కావాలి. ఎల్‌హెచ్‌బీ పెట్టెల్లో ఒక్కో ఇరుసుకు రెండు డిస్కులు, ఒక్కో డిస్కుకు ఒక సిలిండర్, మొత్తం ఎనిమిది. పెట్టె రకాన్ని బట్టి సిలిండర్ల సంఖ్య, పైపుల పొడవు మారితే డిస్ట్రిబ్యూటర్ వాల్వు రంధ్రాలను ప్రతి రకానికీ విడిగా సరిచూడాల్సి వస్తుంది. జర్మనీకి చెందిన క్నోర్ బ్రెమ్సే కంపెనీ కేఈ డిస్ట్రిబ్యూటర్ ఈ చిక్కును చక్కగా విప్పింది. అందులో డిస్ట్రిబ్యూటర్ నింపేది ఎప్పుడూ ఒకే కొలత ఉన్న చిన్న ఆజ్ఞ గదిని. దానికి పట్టే సమయం మారదు. ఆ గది ఒత్తిడిని రిలే వాల్వు అందుకుని సిలిండర్లకు పంపుతుంది. సిలిండర్లు రెండైనా ఎనిమిదైనా, చిన్నవైనా పెద్దవైనా, నిండే సమయం ఆజ్ఞ గదిని బట్టే ఉంటుంది. రకరకాల పెట్టెలు కలిసిన బండిలో అన్నిటికీ ఒకే లయలో బ్రేకు పడాలంటే ఇదే మార్గం.

బరువును బట్టి, వేగాన్ని బట్టి

నిండిన వ్యాగనుకు సరిపోయే బ్రేకు ఖాళీ వ్యాగనుకు వేస్తే చక్రాలు బిగిసి పట్టాల మీద జారతాయి. అలా జారినచోట చక్రం చదునుగా అరుగుతుంది. పాత వ్యాగన్లలో ‘ఎంప్టీ-లోడ్’ పిడి చేత్తో తిప్పాలి. మరిచిపోతే నష్టం. ఇప్పుడు లోడ్ సెన్సింగ్ పరికరం స్ప్రింగుల కుంగుడును చూసి, ఖాళీగా ఉంటే సిలిండర్ ఒత్తిడిని 2.2 కిలోల దగ్గర ఆపుతుంది, నిండి ఉంటే 3.8 వరకు పోనిస్తుంది.

ప్రయాణికుల బండ్లలో, మెట్రోల్లో బరువు రెండు విలువల మధ్య దూకదు, ప్రతి స్టేషన్‌లోనూ కొంచెం కొంచెంగా మారుతుంది. అక్కడ నిష్పత్తిని ఎప్పటికప్పుడు మార్చుకునే రిలే వాల్వు వాడతారు. ఆజ్ఞ పిస్టన్‌నూ, ఎదురు ఒత్తిడి పిస్టన్‌నూ ఒక చిన్న దూలం రెండు చివరలకు అమరుస్తారు. ఆ దూలం ఆనే బిందువును గాలి స్ప్రింగుల ఒత్తిడి అటూఇటూ జరుపుతుంది. జనం ఎక్కే కొద్దీ ఆ బిందువు జరిగి, అదే ఆజ్ఞకు ఎక్కువ సిలిండర్ ఒత్తిడి వస్తుంది. కిక్కిరిసిన పెట్టె, ఖాళీ పెట్టె ఒకే దూరంలో ఆగుతాయి.

వేగం సంగతి ఇంకా పాతది. 1878లో ఇంజినీరు డగ్లస్ గాల్టన్, వెస్టింగ్‌హౌస్ కలిసి ఇంగ్లండ్‌లో బ్రైటన్ మార్గం మీద చేసిన పరీక్షల్లో ఒక విషయం బయటపడింది. పోత ఇనుప బ్రేకు దిమ్మకూ చక్రానికీ మధ్య రాపిడి, వేగం పెరిగే కొద్దీ తగ్గిపోతుంది. గంటకు 100 కిలోమీటర్ల దగ్గర ఉండే రాపిడి, 15 కిలోమీటర్ల దగ్గర ఉండేదానిలో దాదాపు మూడో వంతే. అంటే ఎక్కువ వేగంలో గట్టిగా నొక్కాలి, వేగం తగ్గాక ఒత్తిడి తగ్గించాలి, లేకపోతే ఆగబోయే ముందు చక్రాలు బిగుస్తాయి. 1934లో అమెరికాలో జెఫిర్ బండి గంటకు 180 కిలోమీటర్ల వేగం అందుకున్న రోజుల్లో ఇది అందరినీ పట్టి పీడించిన ప్రశ్న. ఆ తరం బండ్లకు వచ్చిన ఎఫ్‌ఎస్-1864 రిలే వాల్వులో వేర్వేరు వైశాల్యాల డయాఫ్రమ్‌లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేవి. ఇరుసు వేగాన్ని చూసే గవర్నరు, బండి నెమ్మదించే కొద్దీ ఒక్కొక్క మెట్టుగా నిష్పత్తిని మార్చేది. రాపిడి అంతగా మారని డిస్కు ప్యాడ్లు, చక్రం జారుతోందని తెలియగానే సిలిండర్ గాలిని క్షణంలో వదిలే డంప్ వాల్వులు వచ్చాక ఆ అవసరం తగ్గింది. డంప్ వాల్వు ఉండేది రిలే వాల్వుకూ సిలిండర్‌కూ మధ్య. అది వదిలిన గాలిని వెంటనే భర్తీ చేసే పని మళ్లీ రిలేదే.

విద్యుత్తు వచ్చాక

కొత్త ఇంజిన్లలో డ్రైవరు పిడి కింద గాలి పైపులు ఉండనక్కర్లేదు. పిడి స్థానాన్ని కంప్యూటర్ చదివి, చిన్న విద్యుత్ వాల్వులతో ఈక్వలైజింగ్ రిజర్వాయర్‌లోకి గాలి వదులుతుంది, తీస్తుంది. ఒత్తిడి కొలిచే సెన్సార్ ఎంతుందో ఎప్పటికప్పుడు చెబుతుంది. ఆ చిన్న పాత్ర ఒత్తిడిని బ్రేకు పైపుకు అందించేది మళ్లీ డయాఫ్రమ్, బిళ్ల, బోలు కడ్డీ ఉన్న రిలే వాల్వే. డబ్ల్యూడీజీ-4, డబ్ల్యూడీపీ-4 ఇంజిన్లలోని సీసీబీ వ్యవస్థలోనూ, డబ్ల్యూఏపీ-7, డబ్ల్యూఏజీ-9 విద్యుత్ ఇంజిన్లలోని ఈ-70 వ్యవస్థలోనూ సూత్రం ఇదే.

విద్యుత్ వాల్వులే నేరుగా 500 లీటర్ల పైపును నడపలేవా అన్న ప్రశ్న సహజం. నడపగలవు గాని, అంత ప్రవాహానికి తగిన విద్యుత్ వాల్వు పెద్దది, ఎక్కువ కరెంటు తాగుతుంది, నెమ్మదిగా కదులుతుంది. పైగా కరెంటు పోయినప్పుడు ఏం జరగాలన్నది ముఖ్యం. రిలే వాల్వు ఆజ్ఞ వైపు కరెంటు పోతే ఆ చిన్న పాత్ర ఖాళీ అయ్యేలా అమరిస్తే చాలు, పైపు కూడా దాని వెంటే ఖాళీ అయి బండి ఆగుతుంది. భద్రత దృష్టితో చూస్తే ఈ యంత్ర భాగాన్ని ఇన్నేళ్లు ఉంచుకోవడం సరైన నిర్ణయమే.

లోకల్ రైళ్లు, వందే భారత్ వంటి రైలు సెట్లలో ఉండే ఎలక్ట్రో-న్యూమాటిక్ బ్రేకు, సంకేతాన్ని పైపులో గాలి తగ్గుదలగా కాక తీగలో విద్యుత్తుగా పంపుతుంది కాబట్టి అన్ని పెట్టెలకూ ఆజ్ఞ ఒకేసారి అందుతుంది. 2023 జనవరి 15న సికింద్రాబాద్, విశాఖపట్నం మధ్య మొదలైన వందే భారత్‌లో బ్రేకు మోటార్ల ద్వారా ఎంత, గాలి ద్వారా ఎంత అన్న పంపకం కంప్యూటర్ చేస్తుంది. మోటార్లు అందించలేని మేరకే గాలి సిలిండర్లు పనిచేస్తాయి.

పాడయ్యే తీరు, పరీక్ష

రిలే వాల్వు ఇబ్బందులు చాలావరకు గాలితో పాటు వచ్చే తేమ, నూనె, తుప్పు పొడి వల్లే వస్తాయి. అందుకే ఇంజిన్ మీది ఎయిర్ డ్రయ్యర్‌ను తేలిగ్గా తీసుకోకూడదు. సరఫరా బిళ్ల పీట మీద సరిగా కూర్చోకపోతే సిలిండర్‌లోకి గాలి నెమ్మదిగా చేరుతూ ఉంటుంది. ల్యాప్‌లో ఉన్నట్టే కనిపిస్తూ వాల్వు దాన్ని బయటికి వదులుతూ ఉంటుంది, ఎగ్జాస్టు దగ్గర ఆగని బుసబుస వినపడుతుంది. బోలు కడ్డీ అంచు అరిగితే బ్రేకు వేసినప్పుడే ఆ శబ్దం వస్తుంది, వదలగానే ఆగిపోతుంది. రెండింటి మధ్య ఈ తేడాను చెవితోనే పట్టుకోవచ్చు. డయాఫ్రమ్ చిరిగితే ఆజ్ఞ గాలి అవతలి వైపుకు కారిపోయి బ్రేకు పూర్తిగా పడదు. కడ్డీ జిడ్డుపట్టి బిగుసుకుపోతే ఆజ్ఞ తగ్గినా సిలిండర్ గాలి పోదు. దాన్నే రైల్వేలో ‘బ్రేక్ బైండింగ్’ అంటారు. చక్రాలు వేడెక్కి పొగలు వస్తాయి. స్టేషన్లో తమ ముందు నుంచి పోతున్న బండిని నిలబడి చూసే సిబ్బంది ముఖ్యంగా వెతికేవాటిలో ఇదొకటి.

వ్యాగన్లకు గుంటుపల్లి, పెట్టెలకు లాలాగూడ, తిరుపతి వర్క్‌షాపుల్లో జరిగే పెద్ద మరమ్మతుల్లో బ్రేకు వాల్వులను విప్పి, రబ్బరు భాగాలన్నీ కొత్తవి వేస్తారు. రబ్బరుకు వయసే శత్రువు, పైకి బాగున్నట్టు కనిపించినా మార్చాల్సిందే. తిరిగి కూర్చిన రిలే వాల్వును పరీక్ష బల్ల మీద బిగించి రెండు గేజీలు పెడతారు, ఒకటి ఆజ్ఞకు, ఒకటి ఫలితానికి. ఆజ్ఞను చిన్న మెట్లలో పెంచి, మళ్లీ అదే మెట్లలో తగ్గించి, రెండో గేజీ ఎంత దగ్గరగా వెంట వస్తోందో చూస్తారు. అన్ని కీళ్లకూ సబ్బు నురగ పూసి గాలి కారుతోందేమో చూస్తారు. చివరగా ఫలితం వైపు గాలిపాత్రకు కొలిచి చేసిన సన్నటి రంధ్రాన్ని తెరుస్తారు. గాలి బయటికి పోతూనే ఉంటుంది. గేజీ ముల్లు అనుమతించిన మేర లోపలే నిలిస్తే వాల్వు బండికి ఎక్కుతుంది, జారితే మళ్లీ విప్పుతారు.